నేను దాటిన గాలం

నా చిన్నప్పుడు నేను దాటకూడనివి రెండుండేవి: మా అమ్మ మాట, మా నాన్న గాలం. మొదటిది రోజుకు రెండుసార్లు దాటేదాన్ని, ఎవరూ పట్టించుకునేవారు కాదు. రెండోది ఒక్కసారి దాటాను, రచ్చయింది.

అప్పుడు మేం గల్ఫ్‌లో, దుబాయ్‌కి అవతలి తీరాన ఉన్న ఖోర్ ఫక్కాన్ అనే రేవు ఊళ్ళో ఉండేవాళ్ళం. రేవుకు కొత్తగా పెద్ద ఓడలు వస్తున్న రోజులు. నాన్నకు రేవు స్టోర్‌లో పని. నాన్న వాళ్ళ అక్క, అంటే మా మేనత్త, ఆసుపత్రిలో నర్సు. చలికాలం చివర కొండల మీద వానలు పడితే వాదీలో, అంటే అక్కడి కొండవాగులో, నీళ్ళు పారేవి. మిగతా ఏడాదంతా అందులో రాళ్ళూ, అక్కడక్కడా చిన్న మడుగులే. నీళ్ళున్నన్నాళ్ళూ శుక్రవారం శుక్రవారం తెలుగువాళ్ళం నాలుగు కుటుంబాలు పికప్ ఎక్కి అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళు చాప పరిస్తే, మగవాళ్ళు చేప కోసం కూర్చునేవారు. మా నాన్నకు గాలం కన్నా గాలి కబుర్లే బాగా వచ్చు గనక చేపలు నిశ్చింతగా ఉండేవి.

ఒక శుక్రవారం పరుగెత్తుతూ ఆయన గాలపు కర్రను దాటాను. ఆ రోజు ఒక్క చేపా పడలేదు. అంతకుముందు వారమూ పడలేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆడది దాటిన గాలానికి చేప రాదని ఇండియాలో మా సముద్రపు ఊళ్ళో నమ్మేవారు. నాన్న ఆవకాయ జాడీతో పాటు ఆ నమ్మకాన్ని కూడా గల్ఫ్‌కు తెచ్చుకున్నారు. ఇకమీదట నేను చాప దిగకూడదని తీర్పయింది. ఆ ఎడారి దేశంలో పారే నీళ్ళు కనిపించేవే ఏడాదికి కొన్ని వారాలు. అవి కూడా నాకు లేకుండా పోయాయి. తొమ్మిదేళ్ళ వయసులో అంతకన్నా పెద్ద శిక్ష ఊహకందదు.

అప్పుడు అత్త వార్డులో ఒక ముసలి తెల్ల ఇంజినీరు ఉండేవాడు, కుడిచేయికి సిమెంటు కట్టుతో. వాళ్ళ దేశంలో వసంతం రాగానే కొండల ఏళ్ళలో ట్రౌట్ చేపలు ఈగల కోసం పైకి ఎగురుతాయట. ఈకలతో ఉత్తుత్తి ఈగలు కట్టి వాటిని పట్టడానికి ఏటేటా సెలవు పెట్టి వెళ్ళేవాడట. ఆ ఏడు మంచం మీద కూర్చుని, ఎడంచేత్తో ఈగ కట్టబోయి విసుక్కుంటుంటే, అత్త అతనికి కుడిచేయి అయింది. కొక్కేన్ని కుట్లు వేసే పట్టకారుతో పట్టుకుని, పట్టుదారం చుట్టి, గాయానికి వేసే ముడే వేసింది. ఆ ముడి చూసి ఆయన ఎంత ముచ్చటపడ్డాడంటే, తన పొడుగాటి సన్నని కర్రను ఆమెకు ఇచ్చి విసరడం కూడా నేర్పాడు. ఆసుపత్రి పెరట్లో ఆ వారమంతా అత్త పట్టినవి మూడు దుప్పట్లు, ఒక డాక్టరు గారి కోటు.

తరువాతి శుక్రవారం అత్త ఆ కర్రతో వాదీకి వచ్చింది. అందరూ చూస్తుండగా దాన్ని నేల మీద పెట్టి నన్ను చాప మీద నుంచి పిలిచింది.

“దాటవే,” అంది.

నేను నాన్న వైపు చూశాను. నాన్న లేచి నిలబడ్డారు. “అక్కా, నువ్వు ఊరుకో. దానికి లేనిపోనివి నేర్పకు.”

“దాటవే అంటుంటే.”

దాటాను. “ఇప్పుడు అటు నుంచి ఇటు,” అంది. అదీ దాటాను. నాన్న మొహం ఎర్రబడింది. ఎండ దిగేలోగా ఆ కర్రకు చేప పడకపోతే నేను ఇక జన్మలో నీళ్ళ దగ్గరికి రాకూడదన్నారు. అత్త నన్నొక్క మాట అడగకుండా “సరే” అనేసింది.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన మాతో ఉండేవాడు. “ఏంది సిస్టరమ్మా, ఉత్త ఈకలకు చేపలు పడ్తయా? ఇంత పిండి గిట్ల పెట్టకుంటే ఎట్ల?” అన్నాడు.

“నీకు సూదేసినప్పుడు పిండి పెట్టానా మేస్త్రీ? అయినా నోరు తెరిచావు కదా.”

అత్త విసిరిన మొదటి విసురుకు మేస్త్రీ తలగుడ్డ వచ్చింది. తరువాత చాలాసేపు అదీ రాలేదు. నీడలు పొడుగవుతుంటే కర్ర నా చేతికిచ్చి, నా చేతి కింద తన చెయ్యి పెట్టింది. ఈక నీటి మీద వాలింది. ఏదో తళుక్కుమంది. నేను ఒక్క గుంజు గుంజాను, ఖాళీ కొక్కెం తిరిగొచ్చింది. “అది మూసేదాకా ఆగాలే, నోరు,” అంది అత్త. నాకే చెప్పిందనుకుని నా నోరు మూసుకున్నాను. అదే మంచిదైంది. మరో నాలుగు విసుర్ల తరువాత కర్ర కొస వంగింది. నీళ్ళలోంచి బెత్తెడు వెండి చేప వచ్చింది. నాకైతే తిమింగలం.

అత్త పట్టకారుతో కొక్కెం తీసి, కుట్టు విప్పినంత నెమ్మదిగా, చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేసింది.

మేస్త్రీ లబోదిబోమన్నాడు. “గింతసేపు పట్టి ఇడిసిపెడ్తివా?”

“కూరకి కాదు, సాక్ష్యానికి పిలిచాం. సాక్ష్యం చెప్పింది, ఖలాస్. ఇంటికి పోనీ.”

నాన్న ఓడిపోయానని అనలేదు. తాను కూర్చున్న బండ మీద కొంచెం జరిగి, తన గాలం తీసి అవతల పెట్టుకున్నారు. ఆ ఖాళీలో నేను కూర్చున్నాను.

పికప్ దగ్గరికి నడుస్తూ అడిగేశాను. చేప పడకపోయుంటే ఏం చేసేదానివత్తా, అని.

“వచ్చే శుక్రవారం మళ్ళీ దాటించేదాన్ని,” అంది.

నాకు చేప కన్నా ఆ మాటే ఎక్కువ కాలం మిగిలింది. ఆ తరువాత జీవితంలో కూడదన్న గీతలు చాలానే దాటాను. నిజం చెప్పాలంటే సగానికి పైగా సార్లు ఏమీ పడలేదు. చూశావా, మేం ముందే చెప్పాం, అన్నవాళ్ళకు లోటు లేదు. వాళ్ళు చెప్పేదంతా కూర్చుని ఓపిగ్గా వింటాను. విని, వచ్చే శుక్రవారానికి ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాను.