కోటు తొడిగిన గోచీ మనిషి

2006లో సారపాకలో నాకు ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకంటే ఎన్‌లార్జ్‌మెంట్లే, అంటే పాత చిన్న ఫొటోను గోడకు తగిలించేంత పెద్దది చేసే పనే, నాకు కూడు పెట్టేది. చనిపోయినవాళ్లకు కోటు, టై తొడగడం మా వృత్తిలో మామూలే. తల లేని కోట్లు కంప్యూటర్లో సిద్ధంగా ఉండేవి. బతికినన్నాళ్లూ తువ్వాలు తప్ప ఎరగనివాళ్లు కూడా మా చేతిలో పడ్డాక కలెక్టర్లయిపోయేవారు.

పినపాక అవతల కోయపల్లె నుంచి కన్నయ్య వచ్చాడు. ఆ ఇంట్లో మొదటి ఉద్యోగస్తుడు, ఆఫీసులో గుమాస్తా. అతను తెచ్చిన పాత ఫొటోలో, వెనుకటి నైజాం సరిహద్దు పోరులో పట్టుబడ్డ నలుగురు గోచీలతో వరసగా నిలబడి ఉన్నారు. ముందుకు కట్టేసిన చేతులు, పక్కన తుపాకీతో జవాను. ఆ తర్వాత వాళ్లను కాల్చేశారట. చివర నిలబడ్డది కన్నయ్య తాత. ఆయన చేతుల దగ్గర కాగితం తెల్లబడి ఉంటే మరకేమో అనుకున్నాను.

"తాత పేరున రాయి నిలబెడుతున్నమన్నా. అమ్మకు పానం బాగుంటలేదు, ఆమె ఉండంగనే చూడాలె. పెద్దసార్లు గూడ వస్తరు. గోచీ మీద ఎట్ల చూపిస్త? జర కోటెయ్యి."

"అవ్ తమ్మీ, బాగుంటది" అన్నాను. అడ్డు చెప్పాలని కూడా తోచలేదు.

చనిపోయినవారికి నిలువురాయి పాతి సారా పోయడం అక్కడి ఆచారం. శవం దొరకలేదని ఆయనకు అన్నాళ్లూ రాయి నిలపలేదు. రాయి నిలిపే రోజు, ఛాతీ వరకు కోటు, టైతో చేసిన ఫొటో ఫ్రేమును నేనే మోసుకెళ్లి రాయికి ఆనించాను. కన్నయ్య తల్లి సమ్మవ్వ ఇప్పసారా దొప్పతో వచ్చి, ఫొటో ముందు ఆగిపోయింది.

"గీయనెవరు కొడుకా?"

"నీ నాయనేనమ్మా."

"మరి చేతులేవి?"

కన్నయ్య సార్ల వైపు చూశాడు.

"చేతులు కట్టి తోల్కపోయిండ్రు. మా అమ్మ బతికినన్నాళ్లు ఆ తాడు మీదనే వేలు పెట్టి ఏడ్చింది. ఆమె పోయినంక నేను ఏడ్చిన. ఈ కోటుదొర ఎవరో నాకెరుక లేదు. గీయనకు నేను సారా పొయ్య."

సార్లు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. "నలుగుట్ల సిగ్గయితదని, అమ్మా..." అని కన్నయ్య నసిగాడు.

"సిగ్గు నీకయ్యింది బిడ్డా. ఆయనకు గాలే."

నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగి ఇద్దామని తెచ్చిన పాత ఫొటో సంచిలోనే ఉంది. ఫ్రేము తీసేసి దాన్ని రాయికి ఆనించాను. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉండి కూడా, ఆ గోచీ మనిషి ఎదుట నిలబడలేకపోయాను. సమ్మవ్వ సారా పోసి, అలవాటైన చోటే వేలు పెట్టింది.

మరుసటి వారం కన్నయ్య ఆ ఫొటోతోనే మళ్లీ వచ్చాడు. "పూర పెద్దగ చెయ్యన్నా. గోచీ, తాడు అన్నీ కనబడాలె. దేన్నీ తుడవకు" అన్నాడు, తల ఎత్తకుండానే.

ఇప్పుడు ఎవరైనా కోటు అడిగితే, ముందు ఇంట్లో పెద్దవాళ్లను పిలుచుకు రమ్మంటాను. కన్నయ్య తాత ఫొటోలో మడతల గీతలు మాత్రం సరిచేశాను. తల్లీకూతుళ్ల వేళ్లు అరగదీసిన చోటును అలాగే ఉంచాను.