రెండు దాటి పది నిమిషాలు

మా అక్క ఇరవై నాలుగేళ్ళుగా నర్సు. అందులో తొమ్మిదేళ్ళుగా ఆడవాళ్ళ మెడికల్ వార్డుకి ఇన్‌చార్జి. నేను అదే ఆసుపత్రిలో రికార్డుల గదిలో గుమాస్తాని. కాబట్టి ఇదంతా చెల్లెలి అభిమానం కొద్దీ చెప్పడం లేదు, కళ్ళారా చూసే చెబుతున్నాను. నరం దొరకని రోగి ఎవరైనా వస్తే పక్క వార్డుల వాళ్ళు కూడా మా అక్కకే కబురు పెట్టేవారు. ఇంట్లో మాత్రం తన కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో తనకే దొరకదు.

అలాంటి మనిషికి నలభై ఏడో ఏట చదువు పీకల మీదికి వచ్చింది. డిప్లొమా నర్సులు మూడేళ్ళలో డిగ్రీ తెచ్చుకోవాలనీ, లేకపోతే ఇన్‌చార్జి పని వదిలి మళ్ళీ షిఫ్టుల్లో పడాలనీ పైనుంచి కాగితం వచ్చింది. అప్పటికే అక్క మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. షిఫ్టంటే ఎనిమిది గంటలు నిలబడటం. పదవి పోతుందన్న బాధ కంటే ఆ నిలబడటం తలుచుకుంటేనే ఆవిడకి భయం. నోరు మూసుకుని వెళ్ళి యూనివర్సిటీ నర్సింగ్ కాలేజీలో చేరింది.

చదువు ఒక పట్టాన కొరుకుడు పడలేదు. మంచం మీద దుప్పటి మార్చడం గురించి నాలుగు పేజీలు రాయాలట. రోగి భయపడుతోందని ముఖం చూసి తెలుసుకుంటే సరిపోదు, ఆ భయానికో పేరు పెట్టి, అది తగ్గడానికో లక్ష్యం రాసి, ఆ లక్ష్యం నెరవేరిందో లేదో గడుల్లో నింపాలి. కాలేజీలో చదివే కూతురూ, ఆవిడా ఒకే బల్లకి చెరో వైపు కూర్చునేవారు. ఇంట్లో ఇద్దరు కాలేజీ పిల్లలున్నారు, వంటకి మాత్రం తనొక్కడే మిగిలాడని బావ వేళాకోళం ఆడేవాడు. అంటూనే వంట చేసేవాడు, ఆ మాట కూడా చెప్పాలి.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. విద్యార్థిగా చేయాల్సిన పనిగంటల కోసం ఆవిడని వేరే ఆసుపత్రికి వదలడానికి మా ఆసుపత్రివాళ్ళు ఒప్పుకోలేదు. ఆవిడ వార్డులోనే చేసుకోమన్నారు. మధ్యాహ్నం రెండింటి వరకు తెల్ల యూనిఫాం, వార్డంతా ఆవిడ చేతి కింద. రెండయ్యాక బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి నీలం యాప్రాన్ వేసుకుని వస్తే విద్యార్థిని. నీలం వేసుకున్నాక కాలేజీ ట్యూటరు పక్కన లేకుండా ఎవరికీ నరంలోకి మందు ఎక్కించకూడదు. ఆ ట్యూటరు ఎవరనుకున్నారు? పదేళ్ళ కిందట మా అక్క దగ్గరే నరం పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల. అక్కని మేడమ్ అనాలో పేరు పెట్టి పిలవాలో తేల్చుకోలేక ఏ పిలుపూ లేకుండానే మాట్లాడేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. రూలు రూలేనని అక్క నన్నే కసిరేది.

చదువు ముగియడానికి ఇంకో రెండు నెలలుందనగా, ఒకరోజు అక్క యాప్రాన్ బొత్తాలు పెట్టుకుంటూ వార్డులోకి వచ్చేసరికి ఏడో మంచం మీది ఆవిడ చెమటతో తడిసి ముద్దయి ఉంది. షుగరు మనిషి. ఏదో పరీక్ష కోసం పొద్దుటి నుంచి ఏమీ తిననివ్వలేదు, ఇన్సులిన్ ఇంజెక్షన్ మాత్రం ఇచ్చేశారు. డ్యూటీలో ఉన్నది చేరి నెలైనా కాని కొత్త నర్సు. రెండూ అయిదుకి షుగరు చూసి, ముప్పై నాలుగని రాసింది. అంత పడిపోతే గ్లూకోజు ఇంజెక్షన్ ఇవ్వమని వార్డులో ముందే రాసిపెట్టిన ఆర్డరు ఉంది. మందూ చేతిలోనే ఉంది. నరమే దొరకలేదు. ఆ పిల్ల రెండుసార్లు గుచ్చింది, రెండుసార్లూ తప్పింది. డాక్టరు ఆపరేషన్ థియేటర్లో, ట్యూటరు పై అంతస్తులో మీటింగులో ఉన్నారు. ఏడో మంచం ఆవిడ పిలిస్తే పలకడం మానేసింది. అక్క ఆ పిల్ల చేతిలోంచి సూది తీసుకుంది. ఒక్కసారికే నరం దొరికింది.

మందు ఎక్కించిన వెంటనే, ఎప్పటి అలవాటు ప్రకారం, చేతి గడియారం చూసి చార్టులో 2:10 అని రాసి సంతకం పెట్టింది. పావుగంటకి ఏడో మంచం ఆవిడ లేచి కూర్చుని, తన చెప్పులు ఎవరు తీశారని తగువు పెట్టుకుందట.

కొత్త నర్సు ఊరుకుంటేనా? సంబరం పట్టలేక, అక్క నీలం యాప్రాన్‌లోనే వచ్చి ఎంత చక్కగా నరం పట్టిందో ట్యూటరుకే వర్ణించి చెప్పింది. ట్యూటరు వినీ విననట్టు ఉండొచ్చు. ఉండలేదు, కాలేజీలో చెప్పింది. మందు రెండింటి లోపు ఇచ్చారా, తర్వాత ఇచ్చారా తేల్చడానికి కేసు షీటు పంపమని కాలేజీ వాళ్ళు అడిగారు. రెండు దాటి ఉంటే ఆరు నెలల పనిగంటలు రద్దు.

ఆ షీటు నా గదికే వచ్చింది. మర్నాటి వరకు నా బల్ల మీదే ఉంటుంది. నేను అక్కని పిలిచి, తలుపు వేసి, పెన్ను బయటికి తీశాను. పదిలో ఒకటిని సున్నా చేస్తే రెండు గంటలవుతుంది, ఆవిడ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. అక్క కళ్ళజోడు పెట్టుకుని షీటంతా చదివింది.

"పై లైను చూడవే. ఆ పిల్ల రెండూ అయిదుకి షుగరు చూశానని రాసింది. నేను రెండింటికే మందిచ్చేశానంటే, అది దొంగ రాత రాసినట్టేగా. దాన్ని ఇంటికి పంపేస్తారు."

"మరి నీ గతేంటి?"

"నేను చూసిందే రాశాను కదా. ఆ పెన్ను లోపల పెట్టు."

నేను మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ రోజు తనని పిలవకుండా నా అంతట నేనే దిద్దేసి ఉండాల్సిందని అనిపిస్తుంది. తప్పని తెలిసే అంటున్నాను.

పనిగంటలు రద్దయ్యాయి. ఆసుపత్రి నర్సులందరి మీదా ఉండే పెద్ద నర్సు వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి డిగ్రీ గడువు ఒక్కసారికి పొడిగించి తెచ్చింది, ఇంకొక్క మాట పడితే ఇక ఎవరూ కాపాడలేరని చెప్పింది. అక్క మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అప్పటి నుంచి రెండు దాటితే ఆవిడ చేతులు యాప్రాన్ జేబుల్లోనే ఉండేవి. ఎవరికైనా నరం దొరక్కపోతే వార్డంతా ఆవిడ వైపు చూసేది. ఆవిడ ట్యూటరుకి కబురు పంపి, కిటికీ వైపు తిరిగి నిలబడేది. నేనొకసారి ఫైలు పట్టుకుని వెళ్ళినప్పుడు చూశాను. జేబులో వేళ్ళు కదులుతూనే ఉన్నాయి.

ఆరు నెలలకి పరీక్షలు వచ్చాయి. వృత్తి నియమాల పేపర్లో ఒక ప్రశ్న: షుగరు పడిపోయిన రోగికి ఒక విద్యార్థిని, ట్యూటరు లేనప్పుడు, నరంలోకి మందు ఎక్కించింది. ఆమె చేసిన తప్పేమిటి? ఆమె స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? అయిదు మార్కులు. కాలేజీ వాళ్ళు పేరు తీసేసి, మా అక్క సంగతినే ప్రశ్న చేసి పెట్టారు. అక్క మిగతావన్నీ రాసేసి, దాన్ని చివరికి ఉంచుకుని, గంట కొట్టబోయేదాకా ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుని, అప్పుడు రాసిందట.

దిద్దిన పేపర్లు చేతికిచ్చిన రోజు ఇంటికి తెచ్చింది. నేనే లాక్కుని చదివాను. విద్యార్థిని తన పరిధి దాటింది, తొందరపడింది అని గుండ్రటి అక్షరాలతో రాసింది. కింద, ఆమె స్థానంలో నేనుంటే ట్యూటరు వచ్చేవరకు ఎదురుచూస్తాను అని ఉంది. పక్కన ట్యూటరు ఎర్ర సిరాతో అయిదుకి అయిదు వేసి, చాలా బాగుంది అని రాసింది.

గట్టెక్కావు పో అన్నాను. డిగ్రీ వచ్చినట్టే, ఇక కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు అన్నాను. అక్క కాగితం నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ ఒకసారి చదువుకుంది.

"ఈ జవాబులో ఏడో మంచం ఆవిడ చచ్చిపోయిందే," అంది.