కొత్తలు పెట్టిన యంత్రం

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, "మేడం, యంత్రం చేశానని వచ్చిన ఆడవాళ్ళను పేరైనా అడక్కముందే 'ఎవరికి చూపించావ్?' అని గద్దిస్తారెందుకు?" అని. విశ్వవిద్యాలయంలో నా ఉద్యోగం, జనం కనిపెట్టినవాటికి పేటెంట్లు తెప్పించి, తయారుచేసే కంపెనీలకు లైసెన్సు ఇప్పించడం. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. ఈ ఒక్క గద్దింపు మాత్రం భద్రాచలం అవతలి అడవి ఊళ్ళో నేర్చుకున్నది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. సారపాక దాటి, వెదురు లారీల వెనక దుమ్ము తింటూ వెళ్ళాను. అక్కడ ఒక అక్క (నాకంటే పదేళ్ళు పెద్దది, అందుకే అక్క) సైకిల్ చైనుతో తిరిగే రెండు చెక్క రోలర్లతో ఇప్పకాయలు ఒలిచే యంత్రం చేసింది. అంతకుముందు ఆడవాళ్ళంతా రాతిమీద పెట్టి కొట్టి, కాయలతోపాటు వేళ్ళూ చితక్కొట్టుకునేవారు. పేటెంట్ వస్తే ఆ యంత్రం ఎవరు చేయాలన్నా ముందు ఆమెను అడగాలి. దరఖాస్తు పడకముందే పదిమందికి చూపిస్తే ఆ హక్కు పోతుంది. ఎవరికీ చూపించొద్దని చెప్పాను. "అవ్ మేడం, ఎవ్వలికి చూపెట్ట" అంది.

తిరిగొచ్చాక మా డైరెక్టరుగారితో యుద్ధం. చదువురాని మనిషి పేరు పక్కన తమ పేరు కూడా ఉంటే దరఖాస్తుకు బరువొస్తుందట. "రోలరును మీరు ఏ పక్క పట్టుకున్నారు సార్?" అని అడిగాను. నెల రోజులు వాదించి గెలిచాను. ఆమె ఒక్క పేరుతోనే కాగితాలు రాయించి, వేలిముద్ర కోసం గర్వంగా బయల్దేరాను.

ఊరు చేరేసరికి డోలు మోగుతోంది. వానకు ముందటి ఉక్క, ఆకు కదలడం లేదు. యంత్రానికి పసుపు పూసి, కోడిని కోసి, ఊరంతా వంతులవారీగా పెడల్ తొక్కుతున్నారు. పక్కనే ఇస్త్రీ చొక్కాతో ఒకాయన. నవ్వడు, పెట్టింది తినడు. టేపుతో కొలుస్తాడు, రాసుకుంటాడు, ఫొటో తీస్తాడు, మళ్ళీ కొలుస్తాడు.

"చూపించొద్దన్నాను కదక్కా?"

"ఊరోళ్లు పరాయోళ్లా మేడం? దేవరకు కొత్తలు పెట్టి ఊరంత పంచుకోకుంట కొత్త గింజే నోట్లె పెట్టం. గిది ఒక్కదాన్నే ఎట్ల వాడుకుంట?"

"మరి ఆయనెవరు?"

"ఏమో. డోలు ఇని వచ్చిండు. కొత్తల నాడు వచ్చినోన్ని పొమ్మంటరా?"

వానలు తగ్గకముందే అదే యంత్రం ఇనుప రోలర్లతో, ఎవరిదో స్టిక్కరు అంటించుకుని సంతకొచ్చింది. డైరెక్టరుగారు గది తలుపు వేసి, "ఎవరూ చూడలేదని రాయించండి, అడిగేవాడెవడు?" అన్నారు. సిగ్గులేకుండా ఆ మాట అక్క దగ్గరికి మోసుకెళ్ళాను. ఆమె తొక్కడం ఆపలేదు.

"కొత్తలు పెట్టలేదని ఏలిముద్ర ఏస్తే, రేపు దేవర ముంగట ఏ మొఖం పెట్టుకొని నిలబడాలె? నువ్వే ఒక్క నెల జల్దీ రాకపోతివి."

వేలిముద్ర పడని కాగితాలు సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాను. డైరెక్టరుగారితో వాదించిన ఆ నెలను నేను గెలిచిన నెల అనే మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నెలలో కాలం ఎవరి పక్షాన నడిచిందో మాత్రం ఆమెకూ నాకూ తెలుసు.