నాకు రాని కల

నా చిన్నప్పుడు మా ఊళ్లో దేవతలు ఆరుగురే ఉండేవారు. ఏడో దేవత నా నోటి నుంచి పుట్టింది. ఈ సంగతి ఇంతవరకూ ఒక్క మనిషికే చెప్పాను. డెబ్బై దాటిన దాన్ని, ఇంకా ఎవరికి భయపడి దాచుకోవాలి?

మాది డోన్ పక్కన నాపరాళ్లు దొరికే మెట్ట ఊరు. ఊరికీ మా పొలానికీ మధ్య ఆరు పాతరాళ్లు వరుసగా నిలబడి ఉండేవి. ఒకదాని మీద కత్తి పట్టిన మగమనిషి. ఇంకోదాని మీద ఆవులమందకు అడ్డం నిలబడినవాడు. కడపటి రాయి మీద మనిషే లేదు, గాజులు తొడిగిన చెయ్యి ఒక్కటే, మోచేతి దగ్గర వంగి పైకి లేచి ఉండేది. మొగుడితోపాటు చితి ఎక్కిన ఆడమనిషట. ఎవరింటి ఆడబిడ్డో, ఏ కాలంలో కాలిపోయిందో చెప్పేవాళ్లు లేరు. పేరంటాలమ్మ అని మొక్కేవాళ్లు, అంతే.

ఆ రాళ్లే మా ఊరిని నడిపేవి. కొత్త కంకులు ముందు వాటికే పెట్టాలి. గట్టు తగాదా వచ్చినా, నీళ్ల వంతు తెగకపోయినా ఆ రాళ్ల మీద చెయ్యి వేసి చెప్పినవాడి మాటే మాట. పోలీసులూ కోర్టులూ మాకు ఆ తర్వాతి సంగతి.

నాపరాళ్ల గని మా జేజినాయనది, అంటే మా నాన్నకు నాన్నది. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువుగా ఉండేది. నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. సంతకు పోతే పంచె కొంగులో బొరుగులు, బెల్లం మూటగట్టుకొని రాకుండా ఉండేవాడు కాదు. ఊళ్లో ఎవరింట పొయ్యి వెలగకపోయినా ముందు ఆయనకే తెలిసేది.

ఒక ఏడు వానలు మొత్తానికే పోయాయి. సేద్యం చేసుకునేవాళ్లు కూడా కూలికి గనిలో దిగారు. వాళ్లలో ఒకామె తట్టలో రాతిముక్కలు మోసేది. ఎప్పుడూ అదే పచ్చచీర. ఆమె కూతురు నా ఈడుది. మేమిద్దరం గని గట్టు మీద రాతిపెచ్చులతో గచ్చకాయలాడుకునేవాళ్లం. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టెను రెండుగా తుంచి, ఒక ముక్క కూతురికి, ఒక ముక్క నాకు పెట్టేది. తనకేం మిగిలిందో నేనెప్పుడూ చూడలేదు.

ఒక సాయంత్రం గని మేస్త్రీ మా వసారాలోకి వచ్చాడు. ఆయనకు మజ్జిగ తెచ్చింది నేనే, అందుకే ఆ మాటలు విన్నాను.

"తూరుపు గోడ పగులిచ్చినాది సామీ. ఆడ జనాల్ని దించొద్దు."

"లారీ వస్తాండాదప్పా. ఈ రెండు దినాలు కానీ, ఆమీద చూస్తాం" అన్నాడు జేజినాయన.

రెండు రోజులు కాలేదు. మర్నాడు మధ్యాహ్నమే గోడ కూలింది. మేం గట్టు మీద ఆడుకుంటూనే ఉన్నాం. దుమ్ము అణిగాక రాళ్ల కింద పచ్చచీర కొంగు కనిపించింది. ముందు చూసింది కూతురే. రాళ్లు తప్పించి ఆమెను బయటికి తీసేసరికి పొద్దుగూకింది.

మూడో రోజు ఆమె మొగుడు డోన్ పోలీస్‌స్టేషన్‌కు పోతానన్నాడు. పగులు సంగతి తాను ముందే చెప్పానని మేస్త్రీ సాక్ష్యం చెప్తానన్నాడు. మా ఇంట్లో ఆ పూట ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

నాలుగో రోజు పొద్దున్నే జేజినాయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని, చేతిలో బొరుగులు పోసి, రాత్రి కల ఏమన్నా వచ్చిందా తల్లీ అని అడిగాడు. రాలేదన్నాను. బాగా తలుచుకో అన్నాడు. పచ్చచీర కట్టుకొని ఉంటుందే, ఆమె వచ్చిందా? ఎక్కడ నిలబడింది? రాళ్ల వరుస దగ్గరేనా? తనకూ అక్కడ ఒక రాయి కావాలందా, చీర పెట్టమందా? అబద్ధం చెప్పమని ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అడిగాడు, నేను తల ఊపాను, మళ్లీ అడిగాడు. దోసిట్లో బొరుగులు అయిపోయేసరికి పచ్చచీర నిజంగానే నా కళ్ల ముందు కదిలింది. ఆయన నన్ను ముద్దు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఊరందరి ముందూ ఆ కల చెప్పాను. ఎనిమిదేళ్ల పిల్ల అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు? నేను ముగించకముందే ఒక ముసలామెకు పూనకం వచ్చింది. ఆడవాళ్లు ఏడ్చారు. చనిపోయినామె మొగుడు నా ముందుకొచ్చి, ఇంతమందిలో నాకే సాష్టాంగపడి మొక్కాడు. ఇక ఆయన స్టేషన్‌కు ఎట్లా పోతాడు? పెళ్లాం చస్తే కేసు పెట్టొచ్చు, దేవత అయితే ఏమని పెడతాడు? మేస్త్రీ కూడా నోరు మూసుకున్నాడు. కూలిన గోడలోంచే ఒక పలక తీసి, గాజుల చెయ్యి చెక్కించి, వరుసలో ఏడో రాయిగా నిలబెట్టి, ఈమెనూ పేరంటాలమ్మ అనే మొక్కారు. దాని మొదటి చీర మా ఇంటి నుంచే పోయింది.

రాయి నిలబెట్టిన రోజు కూతురు నన్ను పక్కకు పిలిచింది. దాని మొహం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

"మా యమ్మ నన్ను అడిగినాదా?"

జేజినాయన ఆ మాట నాకు నేర్పలేదు. నేర్పని మాట చెప్తే ఏమవుతుందోనని భయమేసింది. లేదన్నాను. జేజినాయన ఒళ్లోంచి దిగాక, అప్పట్లో ఆ కల గురించి నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. చీర అడిగిన అమ్మ కూతురిని అడగలేదని అది నమ్మింది. మళ్లీ నాతో గచ్చకాయలాడలేదు.

పుట్టిన దేవత చేసినవాడి మాట వినదని కూడా నేను చూశాను. ఆ తర్వాత గోడ ఎక్కడ పగులిచ్చినా "అమ్మ వద్దంటాండాది" అని కూలీలు పైకి వచ్చేసేవాళ్లు, జేజినాయన కిమ్మనేవాడు కాదు. మా గనిలో మళ్లీ ఎవరూ చావలేదు. చివరి రోజుల్లో ఆయన ప్రతి సాయంత్రం ఏడో రాయి ముందే కూర్చునేవాడు. భయమో, పశ్చాత్తాపమో, తాను అల్లిన కథను తానే నమ్మాడో, నాకు తెలియదు. ఇప్పుడు అక్కడ రేకుల షెడ్డు, మైకు, తిరునాళ్లు. కల చెప్పిన పిల్లనని మొదటి టెంకాయ ఏటా నా చేతికే ఇస్తారు.

పోయినేడు కాలేజీలో చదివే ఒక అమ్మాయి పాతరాళ్ల గురించి రాసుకోవడానికి వచ్చింది. పూర్వం మనుషులు ఉరుముకూ మెరుపుకూ భయపడి దేవుళ్లను చేసుకున్నారనీ, ఆ దేవుళ్లే ఊళ్లనూ రాజ్యాలనూ నిలబెట్టారనీ నాకు చెప్పింది. అయ్యుండొచ్చమ్మా అని కాఫీ ఇచ్చి పంపాను. నేను చూసిన దేవత మాత్రం లారీ తొందర వల్ల పుట్టింది. ఆ అమ్మాయి పోయాక ఆ పాత చెయ్యి రాయి దగ్గరికి నడిచాను. చితి ఎక్కినామె తనంతట తానే ఎక్కిందో, ఎవరన్నా ఎక్కించారో? మర్నాడు ఏ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారో?

ఆ కూతురు ఊరు దాటి పోలేదు. ఏడో రాయిని కడిగి పసుపు పూసేది అదే. అందరిలాగే పేరంటాలమ్మా అంటుంది, ఏనాడూ ఏదీ కోరుకోలేదు. కాలేజీ అమ్మాయి వచ్చిపోయిన ఆ రోజే దాని పక్కన కూర్చొని ఉన్నదంతా చెప్పేశాను. పగులు, లారీ, బొరుగులు, అన్నీ. చేతిలో పసుపు ముద్ద అట్లాగే పట్టుకొని వింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"అంటే మా యమ్మ నీ కలలోకి రానే రాల్యా?"

రాలేదన్నాను.

"అట్లయితే నన్ను మరిసిపోయినాదనేది గూడా అబద్ధమేలే" అంది.

తర్వాత రాయి వైపు తిరిగి, నాకు తెలిసి మొదటిసారి, "అమ్మా" అని పిలిచింది. పిలుస్తూనే ఉంది. నేను లేచి వచ్చేశాను, అక్కడ నాకేం పని?

ఊరికి మాత్రం ఇంకా చెప్పలేదు. ఈ ఏడు తిరునాళ్లలోనూ మొదటి టెంకాయ నా చేతికే ఇచ్చారు, తీసుకున్నాను. నాది పిరికితనమే. పొద్దున్నే నా మునిమనవరాలు ఒళ్లోకి ఎక్కి తనకొచ్చిన కల చెప్తుంది. నేను ఒక్క ప్రశ్న కూడా వేయను. అది ఎక్కడ ఆపితే ఆ కల అక్కడితో సరి.