తొమ్మిది పాళ్లయిన గజ్జి మందు

రోజూ నౌపడ నుంచి రైల్లో వచ్చి మా మందుల షాపు ఎదుట చేపలమ్మే పోలమ్మ మనవరాలు గౌరికి గజ్జి మూడోసారి తిరగబెట్టింది. డాక్టరు రాసిన పెర్మెత్రిన్ క్రీము ఇచ్చింది నేనే. క్రీము కడిగేశాక మంటకి వేపనూనె రాయమన్నదీ నేనే. పూర్తిగా తగ్గాకే తీసుకురమ్మని మా విజయనగరంలో గౌరి ఉండే హాస్టల్లో చెప్పేశారు. ఏడో తరగతి పిల్ల బడి లేక ఇంట్లో కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. చేపల బేరం ఉండని శనివారం చూసి, షాపు మా ఆయనకి అప్పగించి బయల్దేరాను.

ఆరున్నర ప్యాసింజరు. ఇడ్లీ పొట్లం విప్పానో లేదో, ఎదుటి పెద్దాయన "ఏటమ్మా, ఎక్కడికి?" అన్నాడు. గజ్జి సంగతి చెప్పాను. కాళ్లు వెనక్కి లాక్కుని, "అయితే కాస్త అవతలకి జరుగు" అన్నాడు. పొందూరు దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

తొమ్మిదింటికి నౌపడలో దిగి, ఉప్పు మడుల మీదుగా ఆటోలో వాళ్ల ఊరు చేరాను. మందెలా రాస్తున్నారో చూపించమంటే పోలమ్మ స్టీలు గిన్నె తెచ్చింది. అందులో వేపనూనె పోసి, గౌరికిచ్చిన క్రీము గొట్టమంతా పిండేసి, తొమ్మిది వాటాలు వేసింది.

"ఇదేటి పోలమ్మా?"

"ఇంట తొమ్మిదిమందిమి తల్లీ. పడవ సేపలైనా పాళ్లేసుకుంతాం. పిల్లకొక్కదానికే ఎలా రాస్తాం?"

తిట్టబోయి ఆగిపోయాను. ఇంటిల్లిపాదికీ ఒకేరోజు రాయాలని నేను చెప్పడం మరిచాను. ఆవిడ చెప్పకుండానే చేసింది, కాకపోతే మందు నీళ్లపులుసైపోయింది. డాక్టరుకి ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరెవరున్నారో అడిగి, ఎవరి గొట్టం వారికే, నూనె కలపకుండా, వారం తర్వాత మళ్లీ రాయమన్నారు.

టెక్కలి వెళ్లి గొట్టాలు తెచ్చాను. సాయంత్రం ఎవరినీ వేటకి కదలనివ్వలేదు. మెడ నుంచి అరికాలి దాకా పోలమ్మ పూస్తుంటే ఆవిడ మొగుడు గొణిగాడు. "డెబ్బయ్యేళ్లకి నన్ను పెళ్లికొడుకుని సేస్తన్నావేటే?" దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉడికించాం.

నాలుగు వారాలకి గజ్జి పూర్తిగా తగ్గిందని డాక్టరు అన్నారు. గౌరిని తీసుకురావడానికి మళ్లీ అదే బండి ఎక్కాను. అటు వెళ్లేవాళ్లకి నేను చెప్పేదొకటే, ఆ ఇంట్లో అడుగుపెడితే ఏది వండినా మీకో పాలు పడుతుంది. నేను చేపలు తిననంటే చారులో నా వంతు పోశారు.

మధ్యాహ్నం బండికి పెట్టె పట్టుకుని గౌరి నా పక్కన కూర్చుంది. హాస్టల్ గేటు దగ్గర అడగకముందే రెండు చేతులూ చాచింది. వార్డెనమ్మ వేళ్ల సందులన్నీ చూసింది. చూశాక కూడా చెయ్యి వదల్లేదు. అలా పట్టుకునే లోపలికి తీసుకెళ్లింది. నాకు ఏడుపొచ్చింది.