జాబితాలో ఇరవై మూడో పేరు

పోయిన మంగళవారం పొద్దున పాలు కాస్తుండగా మా ఆయన ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "కాక పోయిండట," అన్నారు. నేను పొయ్యి కట్టేశాను. ఏ కాక అని అడగనక్కర్లేదు. ఉధ్నాలో మా చిన్న మగ్గాల వాళ్ళ సంఘానికి ఎన్నో ఏళ్ళుగా కార్యదర్శిగా ఉన్న మనిషి ఆయన. ఇక్కడికి నేతపనికి వలస వచ్చిన మన తెలుగువాళ్ళూ కాకా అనే పిలిచేవారు, పక్కింటి గుజరాతీ వాళ్ళూ కాకా అనే పిలిచేవారు. రెండు భాషల్లోనూ ఆ మాటకు చిన్నాన్న అనే అర్థం కాబట్టి ఆయన ఇద్దరికీ బంధువే.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని సంఘం వాళ్ళు నన్ను అడిగారు. మాది రెండు మగ్గాల ఇల్లు. అద్దె షెడ్డులో నడుపుతాం. బట్టల వ్యాపారి సేఠ్ నూలు చుట్టిన బీమ్ ఇస్తాడు, నేసి బట్ట తిరిగి ఇస్తాం. మా సంఘంలో అందరూ ఇట్లాంటి వాళ్ళే. నేను మగ్గం మీద కూర్చోను, ఇల్లు చూసుకుంటాను. కాక నాకు ఎందుకు అంత దగ్గరయ్యారో చెప్పాలంటే ఒక తప్పు కూడా చెప్పుకోవాలి. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ముందు ఆయన అలవాటు ఒకటి చెబుతాను. సాయంత్రం గల్లీలో నడుస్తూ ప్రతి షెడ్డు బయటి గోడకూ ఒకసారి అరచెయ్యి ఆనించేవారు. లోపల ఎన్ని మగ్గాలు నడుస్తున్నాయో గోడ అదురును బట్టి చెప్పేవారు. ఒకటి ఆగితే తలుపు దగ్గర నిలబడి, "ఏందిరా, నీ రెండోది పండుకున్నది?" అని అడిగేవారు. అది ఆరా తీయడం కాదు. ఎవరింట్లో పని ఆగిందో తెలుసుకోవడానికి ఆయనకు అదొక్కటే దారి, ఎందుకంటే మనవాళ్ళు కష్టం వస్తే నోరు తెరవరు.

కొన్నేళ్ళ కింద ఒక వానాకాలం ఖాడీ పొంగింది. ఊరి మధ్యగా పోయే ఆ పెద్ద వాగు నీళ్ళు మా గల్లీలోకి వచ్చి షెడ్లలో నడుములోతున రెండు రోజులు నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే మగ్గాల కింద మోటార్లన్నీ బురద ముద్దలు. తడి మోటారు నడిపితే కాలిపోతుంది. విప్పి, కడిగి, బట్టీలో ఆరబెట్టి, పాడైన తీగ మార్చాలి. ఊళ్ళో మిస్త్రీలందరినీ పెద్ద షెడ్ల వాళ్ళు ముందే పట్టుకుపోయారు.

కాక బార్డోలీ బస్సెక్కారు. అక్కడ చక్కెర మిల్లు మోటార్లు చూసే ఒక మిస్త్రీని ఒప్పించి, సామానుతో సహా తెచ్చి సంఘం గదిలో కూర్చోబెట్టారు. ఆ మిస్త్రీ చేతికి రోజుకు నాలుగు మోటార్లకు మించి కావు. మునిగిన ఇళ్ళు ముప్పై. ఎవరిది ముందు?

అదే రోజు ఆయన మా ఇంటికి మంచినీళ్ళకని వచ్చి, అటక మీద మిగిలిన పప్పు డబ్బాలు చూశారు. ప్రతి డబ్బాకు చీటీ అంటించడం నా అలవాటు. ఎప్పుడు తెచ్చింది, ఎప్పటికి అయిపోవాలి, రెండూ రాస్తాను.

"ఇవన్ని నువ్వే రాస్తవా బిడ్డా?"

"నేనే కాకా."

"మా సంఘంల మొగోళ్ళకు ఒక్కనికి ఈ బుద్ధి లేదు. జర వచ్చి మోటార్ల జాబితా రాసిపెట్టు."

వరుస ఎట్లా ఉండాలో కూడా ఆయనే చెప్పారు. మగ్గం మీద సగం నేసిన బీమ్ ఉన్నవాళ్ళు ముందు. గంజి పట్టించిన పోగులు తడిసి ఆరితే ఒకదానికొకటి అంటుకుపోతాయి, మగ్గం తొందరగా నడిస్తే కొంత బట్టయినా దక్కుతుంది. ఖాళీ మగ్గాలు తర్వాత. "నీళ్ళు వరుస చూసి రాలే. మనమన్నా జర వరుస చూసి పోదాం," అన్నారు.

మా రెండు మగ్గాలూ ఖాళీవే. వాన పట్టిన రోజు సాయంత్రమే బీమ్‌లు అయిపోయాయి. వారంలోగా మగ్గాలు తిరిగితే కొత్త బీమ్‌లు మాకే ఇస్తానని, లేకపోతే వేరేవాళ్ళకు పంపుతానని సేఠ్ కబురు పెట్టాడు. సేఠ్ ఒకసారి చెయ్యి మార్చాడంటే మళ్ళీ మా వైపు చూడడేమోనని మా ఆయన రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు.

నేను ఇల్లిల్లూ తిరిగి అడిగి, శుభ్రమైన కాగితం మీద పెన్నుతో జాబితా రాశాను. మా పేరు తొమ్మిదో చోట రాసి, ఎదురుగా "సగం బీమ్" అని రాశాను. చెయ్యి వణకలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. మా ఆయనకు ఈ సంగతి తెలియదు.

సంఘం గదిలో చాప మీద అందరూ కూర్చున్నారు, నేను ఒక పక్కన ఉన్నాను. కాక ఛాయ్ గ్లాసు పట్టుకుని జాబితా చదవడం మొదలుపెట్టారు. పదో పేరు మా గల్లీ చివరి షెడ్డు అతనిది. మా ఆయన తమ్ముడని పిలుస్తారు, నాలుగు మగ్గాల మనిషి, నోరు ఊరుకోదు. తన పేరు ఎక్కడుందో తొంగి చూసి, "నాది పదా? నా మోటార్లు ఏం పాపం జేసినయ్ కాకా?" అన్నాడు.

"నీ మోటార్లు మంచియే. నువ్వే పొద్దున లేటుగ లేస్తవ్," అన్నారు కాక. అందరూ నవ్వారు. అన్ని రోజుల్లో ఆ గదిలో నవ్వు వినడం అదే మొదలు.

ఆయన వేలు ఎనిమిది దాటి తొమ్మిది దగ్గర ఆగింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. వాన పట్టిన సాయంత్రం ఆయన మా షెడ్డు గోడకు చెయ్యి ఆనించి, "రెండూ ఆగినయేంది? బీమ్ అయిపోయిందా?" అని మా ఆయనను అడిగారు. అయిపోయిందని మా ఆయన చెప్పారు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

కాక నా వైపు చూడలేదు. గ్లాసు వంగింది. ఛాయ్ కాగితం మీద సగం దాకా పారింది.

"అరే. ముసలి చేతులు. అంత ఖరాబయింది," అన్నారు. కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నారు. చెవి మీది పెన్సిల్ తీసి నా చేతికిచ్చారు. "బిడ్డా, మళ్లొక్కసారి రాయి. ఈసారి నిమ్మళంగ రాయి. మేం ఛాయ్ తాగుతం."

మగ్గం అచ్చు కన్నంలోంచి సన్నని పోగు ఒక్క ప్రయత్నంలో లాగే చేతులవి. అవి వణకడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

రెండోసారి రాసినప్పుడు మా పేరు ఇరవై మూడు. ఎదురుగా "ఖాళీ" అని రాశాను. గల్లీ చివరి తమ్ముడు తొమ్మిదికి వచ్చాడు. "చూసినవా, ఛాయ్ నాకు కలిసొచ్చింది," అని మీసం దువ్వాడు.

సేఠ్ మా బీమ్‌లు వేరేవాళ్ళకు పంపాడు. అది జరగలేదని రాస్తే మళ్ళీ తప్పు రాసినట్టే. కానీ కాక ఇరవైకి దిగువన ఉన్నవాళ్ళను ఖాళీగా కూర్చోనివ్వలేదు. రైలు బండిలో వెళ్ళే దూరంలో ఉన్న కిమ్ ఊళ్ళో నీళ్ళు రాలేదు. అక్కడి మన సంఘం సభ్యులకు ఒక్కొక్కరికీ ఫోను చేశారు. బతిమాలడం ఆయనకు చేతకాదు. "నీ మగ్గం మీద మనోడు పగటి పాళీ నడుపుకుంటడు. ఇయ్యాల ఆయన మునిగిండు, రేపు ఎవరో. నువ్వు గూడ కావచ్చు," అనేవారు. అవతలి మనిషి ఏమంటాడో వినకముందే, "తెల్లారి బండికొస్తడు, ఇంత ఛాయ్ పొయ్యి," అని పెట్టేసేవారు. మా ఆయన పదమూడు రోజులు పొద్దున బండికి కిమ్ వెళ్ళి పని చేసి వచ్చారు. మూడో రోజు నుంచి అన్నం మామూలుగా తిన్నారు.

మధ్యలో ఒకరోజు గల్లీ చివరి తమ్ముడు మగ్గం మీంచి దిగిన బట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒక అంచున బురద గీత పడింది, మిగతాదంతా బాగుంది. "ఇంకొక్క పూట ఆగితే పోగులు మొత్తం పట్టుకపోతుండె వదినా. మంచిగ రాసినవ్ జాబితా," అన్నాడు. నేను ఛాయ్ పెట్టే నెపంతో లోపలికి వెళ్ళిపోయాను.

పద్నాలుగో రోజు మా మోటార్లు వచ్చాయి. బీమ్ లేకుండానే ఖాళీ మగ్గాలు తిప్పి చూశాం. కాక లోపలికి రాలేదు. బయట గోడకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు అట్లాగే నిలబడ్డారు. తర్వాత జాబితా తీసి మా పేరు పక్కన గీత కొట్టారు. మోటారు బిగిస్తే పని అయినట్టు కాదు, గోడ అదిరితేనే అయినట్టు. ఆ నెలాఖరుకు మాకు కొత్త సేఠ్‌ను చూపించిందీ ఆయనే.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు ధైర్యం చేశాను. "కాకా, ఆ రోజు ఛాయ్..." అన్నాను.

"ఏ ఛాయ్ బిడ్డా? దినానికి పది తాగుత. యాదుంటదా?"

అంతటితో ఆ మాట అయిపోయింది. తర్వాత సంఘం కాగితాలన్నీ నాచేతే రాయించారు, ఒక్కటి కూడా సరిచూడకుండా సంతకం పెట్టేవారు. అది నాకు ఎంత బరువో, ఎంత ధైర్యమో ఆయనకు తెలిసే ఉంటుంది.

మొన్న వాళ్ళ కోడలు సంఘం ఫైలు నాకు అప్పగించింది. "మీకే ఇయ్యుమన్నడు అక్కా," అంది. ఇంటికి రాకముందే, వాళ్ళ అరుగు మీదే కూర్చుని కాగితాలు తిరగేశాను. పెన్సిల్‌తో రాసిన జాబితా ఉంది, ముప్పై పేర్ల పక్కనా ముప్పై గీతలు ఉన్నాయి. ఛాయ్ మరక కాగితం కోసం రెండుసార్లు వెతికాను. లేదు. దాన్ని ఆయన ఎవరికీ, ఎన్నడూ దొరకనివ్వలేదు.

తిరిగి వస్తుంటే గల్లీ చివర తమ్ముడి షెడ్డు దగ్గర కాళ్ళు ఆగాయి. ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగితే, "చెయ్యి ఆనించి ఊకో. నువ్వు లెక్కవెట్టకు, గోడనే చెప్తది," అన్నారు కాక. ఫైలు చంకన పెట్టుకుని గోడకు అరచెయ్యి ఆనించాను. సున్నం వెచ్చగా ఉంది. కొంతసేపటికి ఒక అదురు, దాని వెనక ఇంకొకటి, ఆ రెండింటి మధ్య మూడోది తెలిశాయి. నాలుగోది ఎంతసేపటికీ రాలేదు.

తలుపు దగ్గరికి వెళ్ళాను. "ఏంది తమ్మీ, నాలుగోది ఆగింది?"