దిబ్బ దుమ్ము అనుకున్న జలుబు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోమ్మా, కాళ్లు చాపుకో. చెప్పేది చిన్నదే గానీ చెవిపెట్టి వినాలి.

బంగారు గనులు మూసేశాక మా ఆయన రోజూ కేజీఎఫ్‌లో రైలెక్కి బెంగళూరుకు కాపలా పనికి వెళ్లేవాడు. ఒక ఏడాది ఆయన చూపు పక్కలనుంచి తగ్గుతూ వచ్చింది. ఎదురుగా ఉన్నది కనబడేది, పక్కనుంచి వచ్చే సైకిలు కనబడేది కాదు. తలలో, కళ్ల నరాల కింద పెద్ద గడ్డ ఉందన్నారు ఆసుపత్రిలో. కోత అక్కరలేదు, వారానికి రెండు మాత్రలతోనే తగ్గుతుందన్నారు. నిజంగానే రెండు నెలలకు చూపు తెరిపిన పడింది.

అప్పుడు మొదలైంది ముక్కు కారడం. ఎడమ పక్క మాత్రమే, పచ్చి నీళ్లలా. గాలికాలంలో, బంగారం తీసి పారబోసిన సైనైడ్ దిబ్బల దుమ్ము గని కూలీలకు వరసగా కట్టిన మా లైను ఇళ్లలోకి కొట్టుకొస్తుంది.

"ఈ ఊర్లో ముక్కు కారనోడు యాడుండాడు?" అని పక్కింటక్క నవ్వింది.

నేనూ అదే అనుకున్నాను. ఆవిరి పట్టించి, "గట్టిగా చీదయ్యా, దుమ్మంతా వచ్చేస్తుంది" అని వెంటపడ్డాను.

వానలు పడ్డాయి. అందరి ముక్కులూ ఆరాయి, ఈయనది ఆరలేదు. ఒక పొద్దున బూటు తాడు కట్టుకోవడానికి వంగితే టపటపా చుక్కలు రాలాయి.

"దిబ్బంతా తడిసిపోయింది గదే, ఇంగ దుమ్ము యాడిది?" అన్నాడు. "ఇది ఈ మాత్ర పనే, ఆపేస్తా."

"ఆపితే మళ్లా కండ్లు పోతాయి. లే, రైలుకు పోదాం" అన్నాను.

డాక్టరు ఆయన్ను ముందుకు వంచి, ఆ చుక్కలు సీసాలో పట్టాడు.

"ఇది జలుబు కాదమ్మా. గడ్డ కింద ఎముకను తొలిచింది. ఆ బెజ్జానికి ఇన్నాళ్లూ గడ్డే బిరడా. మాత్రకు అది చిన్నదయ్యేసరికి మెదడు చుట్టూ ఉండే నీళ్లు కారుతున్నాయి. ఎక్కడో ఒకరికి ఇట్లా అవుతుంది. మూయకపోతే చీము తలకెక్కుతుంది. ముక్కు గానీ చీదినాడా? చీదితే మురికి ఆ బెజ్జంలోంచి పైకి పోతుంది."

"నేనే చీదమన్నాను సార్."

"నేను ఈమె మాట యాడ వింటాను సార్!" అన్నాడు మా ఆయన. అబద్ధం. రోజూ విన్నాడు.

కోతకు మూడు రోజులు ఆగమన్నారు. జ్వరం వస్తుందేమోనని ఆయన నుదురు ఎన్నిసార్లు తాకానో!

"చెయ్యి తీయవే, నీ చెయ్యికే నాకు జ్వరమొస్తాది" అని కసురుకున్నాడు.

తొడ కొవ్వు కొంచెం తీసి, ముక్కులోంచే వెళ్లి ఆ బెజ్జం మూశారు. నర్సమ్మ ముక్కులో పెట్టిన పత్తి తీసి చూపించిన రోజు, అది పొడిగా ఉంది. నేను నమ్మలేక వేలితో తాకి చూశాను. మాత్ర మాత్రం డాక్టరు చెప్పినట్టే ఇప్పటికీ మింగుతున్నాడు.

మీ ఇంట్లో ఎవరి నుదురు తాకినా చల్లగానే తగలాలి తల్లీ, మీ వాకిలి పచ్చగా ఉండాలి.